మైనాద్‌లు: డయొనైసస్ వెంట కొండెక్కిన స్త్రీలు

ప్రాచీన గ్రీకు పురాణాల్లో ద్రాక్ష మద్యానికీ పూనకానికీ నాటకానికీ అధిదేవత డయొనైసస్. ఆయన పేరు తలుచుకుని ఊరు విడిచి, తలలు విరబోసుకుని, గుంపులుగా కొండలెక్కి ఆడిపాడే స్త్రీలే మైనాద్‌లు. ఆ పేరుకు ఉన్మత్తలని అర్థం. దేవుడికి బాక్కస్ అనే పేరు కూడా ఉంది కాబట్టి వీరిని బాక్కాయ్ అనీ అన్నారు. డెల్ఫీ ప్రాంతంలో వీరు థియాద్‌లు. రెండున్నర వేల ఏళ్ళుగా నాటకకర్తలూ చిత్రకారులూ వీరిని ఒకచోట భయంకరంగా, మరోచోట మోహకంగా చూపుతూ వచ్చారు. గ్రీకు నగరాల రాతి శాసనాలు చెప్పే కథ వేరు. ఆ శాసనాల్లో ఈ స్త్రీలకు నాయకురాళ్ళున్నారు, పండగ తిథులున్నాయి, చెల్లించాల్సిన రుసుములున్నాయి, ఊరి ఖర్చుతో జరిగిన గౌరవాలున్నాయి.

ఈ దేవుడి ఆనవాలు పల్నాటి గడ్డ మీద కూడా ఒకటి దొరికింది. మాచర్ల ప్రాంతంలో కృష్ణ ఒడ్డున క్రీ.శ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురినే మనం నాగార్జునకొండ అంటున్నాం. 1926లో ఈ శిథిలాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయం నీటిలో లోయ మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు సాగాయి. అక్కడి రాజప్రాసాద స్థలంలో బయటపడ్డ సున్నపురాయి స్తంభం మీద ఒక పురుషమూర్తి ఉంది. సగం ఒళ్ళు కప్పుకున్న బట్ట, పలచని గడ్డం, చేతిలో కొమ్ముతో చేసిన పానపాత్ర, పక్కన మద్యం పీపా. పండితులు దాన్ని డయొనైసస్ రూపంగా గుర్తించారు. ఆ ప్రాసాద స్థలంలోనే మరో శిల్పంలో శక సైనికుడి వేషంలో కావలివాడు కనిపిస్తాడు. ఇక్ష్వాకుల ఇంటికి శకులు ఏలిన ఉజ్జయిని నుంచి రుద్రధర భట్టారిక అనే రాకుమార్తె మహాదేవిగా వచ్చింది. రోమన్ బంగారు నాణేలు ఈ లోయలో దొరికాయి. పడమటి దేశాల నుంచి మద్యం జాడీలు భారతదేశపు రేవుల్లో దిగుతున్న కాలమది. కాబట్టి ఒక పరాయి దేవుడి బొమ్మ విజయపురి శిల్పి ఉలికి అందడంలో వింత లేదు. అయితే ఆ రాతి మీద ఆయన ఒక్కడే ఉన్నాడు. గ్రీకు చిత్రకారులు మాత్రం ఆయన్ని తరచూ స్త్రీల గుంపు నడుమనే గీశారు.

క్రీ.పూ. 6, 5 శతాబ్దాల ఏథెన్సు కుండల మీద మైనాద్‌లను చూడగానే పోల్చుకోవచ్చు. భుజాన జింకపిల్ల తోలు, తలకు ఐవీ తీగ, కొన్నిసార్లు నుదుటి చుట్టూ పాము. చేతిలో థిర్సస్ అనే కర్ర ఉంటుంది. అది సోపుజాతి మొక్క పొడవాటి కాడ. దాని కొసన ఐవీ ఆకుల గుత్తి కట్టేవారు, తర్వాతి బొమ్మల్లో అక్కడ పైన్ చెట్టు కాయ కనిపిస్తుంది. వాయిద్యాల్లో ముఖ్యమైనవి తోలు బిగించిన చేతి డప్పు, జంట పిల్లనగ్రోవి. క్రీ.పూ. 490 ప్రాంతంలో బ్రైగోస్ చిత్రకారుడిగా పేరుపడిన కళాకారుడు తెల్లని పూత మీద గీసిన మైనాద్ ఇప్పుడు జర్మనీలోని మ్యూనిక్ మ్యూజియంలో ఉంది. ఒక చేత థిర్సస్, మరో చేత వేలాడే చిరుతపిల్ల, తలకు చుట్టుకున్న పాము. ఆమె ఒంటి మీది బట్ట మడతల్లోనే పరుగు వేగం తెలుస్తుంది.

పురాణకథల్లో వీరి మొదటి రూపం దాదులది. పసివాడైన డయొనైసస్‌ను పెంచిన స్త్రీలను లైకర్గస్ అనే రాజు ములుగర్రతో తరిమాడనీ, దేవుడు సముద్రంలో దూకి ప్రాణం దక్కించుకున్నాడనీ ఇలియడ్ ఆరో సర్గ చెబుతుంది. తరిమిన రాజు గుడ్డివాడైపోయాడు. మిగతా కథలు చాలావరకు ఈ అచ్చులోనే పోశారు: దేవుణ్ణి కాదన్న ఇంటి మీదికే పూనకం వస్తుంది. ఆర్కోమెనోస్ రాజు మిన్యాస్ కూతుళ్ళు ముగ్గురూ పండగకు రాకుండా ఇంట్లో మగ్గాల దగ్గర కూర్చున్నారు. వారికి పట్టిన ఉన్మాదంలో సొంత బిడ్డనే చీల్చేశారు, చివరికి గబ్బిలాలైపోయారు. గాయకుడు ఆర్ఫియస్‌ను చంపింది కూడా థ్రేస్ దేశపు మైనాద్‌లేనని చెబుతారు.

వీరిని ప్రపంచ సాహిత్యంలో చిరస్థాయిగా నిలిపినవాడు యూరిపిడీస్. ఆయన చివరి రోజులు మాసిడోనియాలో గడిచాయి. అక్కడ రాసిన ‘బాక్కాయ్’ నాటకాన్ని ఆయన పోయాక క్రీ.పూ. 405లో ఏథెన్సులో ఆడారు. పోటీలో ప్రథమ బహుమతి వచ్చింది. తీబ్స్ నగరానికి డయొనైసస్ మనిషి వేషంలో వస్తాడు. తన తల్లి సెమెలీ పుట్టినూరే తనను దేవుడిగా ఒప్పుకోలేదన్న కోపం ఆయనది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పూనకం తెప్పించి కిథైరాన్ కొండకు తోలేస్తాడు. కుర్ర రాజు పెంథియస్ ఇది దొంగ దేవుడి మాయ అంటాడు, మద్యం తాగి కొండల్లో విచ్చలవిడిగా తిరుగుతున్నారంటాడు.

ఇక్కడే యూరిపిడీస్ గొప్పతనం. కొండ మీద కళ్ళారా చూసి వచ్చిన పశువుల కాపరి చెప్పేది పెంథియస్ మాటకు పూర్తిగా విరుద్ధం. ఆ స్త్రీలు తాగి లేరు. మూడు బృందాలుగా చెట్ల కింద మర్యాదగా నిద్రపోతున్నారు. ఇంట్లో పసిబిడ్డలను వదిలి వచ్చిన తల్లులు జింకపిల్లలకూ తోడేలు కూనలకూ పాలిస్తున్నారు. కర్రతో రాతిని తాకితే నీళ్ళు ఉబుకుతున్నాయి, నేలను గీరితే పాలు ఊరుతున్నాయి. కాపరులు వారిని పట్టబోయాకే అంతా తారుమారైంది. ఆడవాళ్ళు వట్టి చేతులతో ఆవులను చీల్చారు, ఊళ్ళ మీద పడ్డారు. చాటుగా చూడ్డానికి ఆడవేషంలో వెళ్ళిన పెంథియస్‌ను తల్లి అగావే సింహమనుకుని ముక్కలు చేస్తుంది. కొడుకు తలను కర్రకు గుచ్చి ఊరేగిస్తూ వస్తుంది.

ఆ తర్వాతి ఘట్టం గ్రీకు నాటకాల్లోనే అరుదైనది. ముసలి తండ్రి కాడ్మస్ కూతురిని తిట్టడు, కొట్టడు. ఒకసారి ఆకాశం వైపు చూడమంటాడు. ఇదివరకటిలాగే ఉందా, మారిందా అని అడుగుతాడు. ఎవరింటికి కోడలిగా వెళ్ళావు, ఎవరిని కన్నావు అని ఒక్కొక్కటే గుర్తుచేస్తూ, చివరికి చేతిలో ఉన్నదేమిటో చూడమంటాడు. పూనకం దిగడాన్ని ఇంత ఓపికగా, ఇంత నిజంగా రంగం మీదికి తెచ్చిన రచన మరొకటి దొరకడం కష్టం.

మరి నిజంగా గ్రీకు స్త్రీలు కొండలెక్కారా? ఎక్కారు. పాలిచ్చే తల్లుల చేతుల్లో తోడేలు కూనలు లేకపోవచ్చు గానీ, బృందాలున్నాయి, పండగలున్నాయి. చాలా నగరాల్లో ఇవి ఏడాది విడిచి ఏడాది జరిగేవి. డెల్ఫీ పక్కని పార్నాసస్ కొండ వంటి చోట్ల చలికాలంలో, మంచు పడే రోజుల్లోనే ఎక్కేవారు. ఇంటి గడప దాటడానికే ఆంక్షలున్న సమాజంలో స్త్రీలు రాత్రిపూట కాగడాలు పట్టుకుని, మగవారి తోడు లేకుండా, ఊరి అనుమతితో కొండకు వెళ్ళిరావడం చిన్న విషయం కాదు.

ఆసియా మైనర్‌లోని మగ్నీషియా నగరపు శాసనం ఒకటి దీనికి మంచి సాక్ష్యం. గాలివానకు ఒక చెట్టు చీలిపోయింది, అందులో డయొనైసస్ ప్రతిమ కనిపించింది. ఏం చెయ్యాలో డెల్ఫీ దేవవాణిని అడిగారు. తీబ్స్ నుంచి కాడ్మస్ కూతురు ఇనో వంశపు మైనాద్‌లను పిలిపించుకోమని జవాబు వచ్చింది. కోస్కో, బాబో, థెట్టలే అనే ముగ్గురు స్త్రీలు వచ్చి మూడు బృందాలు స్థాపించారు. వారు పోయాక ఊరివారు ఒక్కొక్కరినీ ఒక్కో చోట గౌరవంగా సమాధి చేశారు. థెట్టలే సమాధి రంగశాల దగ్గర ఉందని కూడా శాసనం చెబుతుంది. ఇప్పుడు మిగిలినది రోమన్ల కాలంలో తిరిగి చెక్కించిన ప్రతి. అంతకు కొన్ని శతాబ్దాల ముందు జరిగిన సంగతిని మళ్ళీ రాతికెక్కించాలని ఆ ఊరివారికి అనిపించిందంటే, ఈ ముగ్గురూ వారికి ఎంత ముఖ్యులో ఊహించవచ్చు.

మిలేటస్‌లో దొరికిన క్రీ.పూ. 276 నాటి శాసనం మరింత లోకవ్యవహారంగా ఉంటుంది. డయొనైసస్ పూజారిణి పదవిని నగరం అమ్ముతున్నప్పటి షరతులవి. ఊరి తరఫున పచ్చిమాంసపు నైవేద్యాన్ని మొదట పూజారిణే సమర్పించాలి, ఆమె కంటే ముందు ఎవరూ పెట్టకూడదు. వేరే ఏ స్త్రీ అయినా దీక్షలు ఇవ్వదలిస్తే రెండేళ్ళకోసారి వచ్చే పండగకు పూజారిణికి ఒక నాణెం కట్టాలి. నాటకంలో ఆవులను చీల్చి పచ్చిగా తినే బీభత్సం శాసనానికి వచ్చేసరికి ఇలా నియమబద్ధమైన నైవేద్యమైంది. ఆ ఊరిలోనే ఆల్క్‌మియోనిస్ అనే పూజారిణి సమాధి పద్యం కూడా దొరికింది. ఊరి స్త్రీలను కొండకు నడిపిందనీ, పవిత్ర వస్తువులను మోసిందనీ ఆమెను పొగిడారు.

ఈ స్త్రీల గురించి ఆప్యాయంగా రాసినవాడు ప్లూటార్క్. క్రీ.శ. 1, 2 శతాబ్దాల్లో ఆయన డెల్ఫీలో పూజారి. థియాద్‌ల నాయకురాలు క్లియా ఆయనకు స్నేహితురాలు. స్త్రీల శౌర్యం మీదా, ఐసిస్ దేవత మీదా ఆయన రాసిన పుస్తకాలు రెండూ ఆమెకే అంకితం. పూనకం ఊపే గుంపుకు నాయకురాలైన మనిషి తత్త్వశాస్త్రం చదివి చర్చించగల విదుషి కూడా అన్నది ఇక్కడ గమనించాలి. ఒకసారి పార్నాసస్ కొండ మీద మంచు తుఫానులో థియాద్‌లు చిక్కుకుంటే కాపాడడానికి వెళ్ళినవారి దుప్పట్లు కర్రల్లా బిగుసుకుపోయాయని ప్లూటార్క్ రాశాడు.

ఆయన చెప్పిన మరో సంఘటన క్రీ.పూ. 4వ శతాబ్దపు ఫోకిస్ యుద్ధం నాటిది. థియాద్‌లు రాత్రి కొండల్లో దారితప్పి తిరిగి తిరిగి ఆంఫిస్సా ఊరికి చేరారు. ఒంటి మీద తెలివి లేకుండా అంగడి వీధిలోనే పడి నిద్రపోయారు. ఊరినిండా సైనికులు. ఆ ఊరి ఆడవాళ్ళకు సంగతి తెలిసింది. పరుగున వచ్చి, నిద్రపోతున్నవారి చుట్టూ మాట్లాడకుండా వలయంగా నిలబడ్డారు. మెలకువ వచ్చాక ఒక్కొక్కరికీ సేవచేసి, అన్నం పెట్టి, భర్తలను ఒప్పించి పొలిమేర దాకా సాగనంపారు. మైనాద్‌ల గురించిన వేల పేజీల్లో ఈ పది వాక్యాలకు మించినవి లేవు.

అన్ని చోట్లా ఇంత దయ లేదు. ఆర్కోమెనోస్‌లో మిన్యాస్ వంశపు స్త్రీలను పండగనాడు పూజారి కత్తి పట్టుకుని తరిమే ఆచారం ఉండేది. ప్లూటార్క్ కాలంలోనే జోయిలస్ అనే పూజారి ఒక స్త్రీని నిజంగానే నరికేశాడు. అతను జబ్బుపడి చచ్చాడు, ఊరికి కష్టాలొచ్చాయి, పూజారి పదవిని ఆ కుటుంబం నుంచి తీసేశారు.

రోమ్ భయం రాజకీయ భయం. క్రీ.పూ. 186లో బాక్కస్ ఆరాధన మీద సెనేట్ విరుచుకుపడింది. చరిత్రకారుడు లివీ లెక్క ప్రకారం ఏడు వేల మందికి పైగా ఇందులో చిక్కుకున్నారు. అంతకు ముందు స్త్రీలకే పరిమితమైన పూజలోకి మగవారిని చేర్చి, రాత్రిపూట జరిపించినది కంపానియా ప్రాంతపు పకులా అన్నియా అనే పూజారిణి అని ఆయన నింద మోపాడు. శిక్షపడ్డ స్త్రీలను ఇంటివారికే అప్పగించి, నాలుగు గోడల మధ్య చంపించారు. సెనేట్ తీర్మానపు ప్రతి ఒకటి కంచు ఫలకం మీద 1640లో దక్షిణ ఇటలీలోని తిరియోలోలో దొరికింది, ఇప్పుడు వియన్నాలో ఉంది. అనుమతి లేకుండా ఇద్దరు మగవారు, ముగ్గురు ఆడవారికి మించి ఈ పూజకు కూడరాదని అందులో ఉంది.

డయొనైసస్ భారతదేశాన్ని జయించాడన్న కథ గ్రీకుల్లో అలెగ్జాండర్ దండయాత్రతో బలపడింది. వాయవ్య కొండల్లో నైసా అనే ఊరిలో ఐవీ తీగ చూసి, ఇది మా దేవుడు కట్టిన ఊరేనని సైనికులు పండగ చేసుకున్నారని చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. గ్రీకు రాయబారి మెగస్తనీస్ కూడా ఈ దేవుడి పేరెత్తాడు. క్రీ.శ. 5వ శతాబ్దంలో ఈజిప్టు కవి నోన్నస్ ఏకంగా 48 సర్గల కావ్యం రాసి, బాక్కస్ స్త్రీలు భారత సైన్యాలతో యుద్ధం చేసినట్టు కల్పించాడు. ఇది పూర్తిగా కవి కల్పన. తెలుగునేల మీద దేవత పూనే స్త్రీలకూ గ్రీకు మైనాద్‌లకూ చారిత్రక బంధుత్వం ఏమీ లేదు. పోలిక ఉన్నది మనుషుల అవసరాల్లో.

పల్నాడు, ఒంగోలు, నెల్లూరు సీమల్లో అంకమ్మ కొలుపులు జరిగేచోట ఆ పోలిక కళ్ళకు కడుతుంది. పంబ మోగుతుంది, కథ సాగుతుంది, సాంబ్రాణి పొగ కమ్ముకుంటుంది. గుంపులోంచి ఒక స్త్రీ ఊగడం మొదలుపెడుతుంది. ముడి ఊడి జుట్టు విరబోసుకుంటుంది, చేతికి వేపమండలు అందిస్తారు. అప్పటిదాకా ఫలానావారి కోడలైన మనిషిని ఊరి పెద్దలే “అమ్మా, ఎవరు తల్లీ నువ్వు? ఏం కావాలి?” అని అడుగుతారు. తనకు మొక్కిన మొక్కు తీర్చలేదని ఆమె గద్దిస్తుంది. పసుపునీళ్ళు చల్లి, హారతి ఇచ్చి శాంతింపజేస్తారు. పల్నాటి వీరుల ఇలవేల్పు కూడా ఈ అంకమ్మే. కారంపూడిలో నాగులేటి ఒడ్డున కార్తికంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులు జరిగే వీరుల ఉత్సవాల్లో ఆయుధాలు మోసే ఆచారవంతులదే ముఖ్యపాత్ర. ఆ సంప్రదాయాన్నీ, వీరుల కథ పాడే వీరవిద్యావంతుల గానాన్నీ జీన్ రోఘేర్ 1982లో అచ్చయిన తన గ్రంథంలో వివరంగా నమోదు చేశాడు.

తెలంగాణలో శివసత్తులు మల్లన్న జాతర్లలో పసుపు పూసుకుని, బోనమెత్తుకుని, త్రిశూలం పట్టుకుని సిగమూగుతారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడ్డ స్త్రీ రాబోయే ఏడాది వానల గురించీ పంటల గురించీ చెబుతుంటే మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు. కల్లు సాక పోయడం, డప్పు మోత, ఆకుపచ్చని కొమ్మ, విరబోసిన జుట్టు: గ్రీకు కుండల మీది బొమ్మలు గుర్తొస్తే తప్పులేదు. తేడాలూ పెద్దవే. మేకపిల్ల గొంతును పళ్ళతో కొరికి గావు పట్టేది మన దగ్గర పోతురాజు, అంటే మగవాడు. స్త్రీలు చెయ్యరు. బలులను నిషేధిస్తూ 1950లోనే చట్టం వచ్చింది. మరొకటి, గ్రీకు స్త్రీలు ఊరు వదిలి కొండకు పోతారు. ఇక్కడి స్త్రీకి ఊరి నడుమనే, అందరి ఎదుటే పూనుతుంది.

వీరందరిలో మైనాద్‌ల ధాటికి దీటైనది మాతంగి. మాదిగ కులంలో పెళ్ళికాని స్త్రీని పరీక్షించి ఎంచుకుంటారు, ఆమె బతికినన్నాళ్ళూ ఆ స్థానం ఆమెదే. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌కు చెందిన ఎమ్మా రోజెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన పుస్తకంలోనూ, 1915లో డబ్ల్యు.టి. ఎల్మోర్ గ్రామదేవతల మీద రాసిన గ్రంథంలోనూ ఆమె వర్ణన ఉంది. జాతరలో మాతంగి చిందులేస్తూ, అగ్రకులాల వారి మీద కల్లు ఉమ్ముతుంది, నోటికొచ్చినట్టు తిడుతుంది. మిగతా రోజుల్లో ఆమె నీడ పడితేనే మైలపడతామనుకునే ఇళ్ళవాళ్ళు ఆ ఉమ్మితో పవిత్రమయ్యామని సంతోషిస్తారు. జాతర అయిపోగానే ఆమె మళ్ళీ ఊరి చివరి వాడకే వెళ్ళాలి. క్లియాకు డెల్ఫీలో ఏడాది పొడవునా గౌరవం ఉంది. మాతంగికి ఇచ్చిన గౌరవం ఆ కొద్ది రోజులదే.

పాశ్చాత్య పండితులు ఈ స్త్రీలను మనస్తత్వశాస్త్రం వైపు నుంచి చాలాకాలం చూశారు. ఇ.ఆర్. డాడ్స్ 1951లో గ్రీకుల హేతువిరుద్ధ విశ్వాసాల మీద రాసిన పుస్తకంలో మైనాద్‌లకు ప్రత్యేకంగా ఒక అనుబంధం కేటాయించి, ఇతర దేశాల పూనకాలతో పోల్చాడు. ఆల్బర్ట్ హెన్రిక్స్ 1978లో శాసనాలను ముందుపెట్టి, యూరిపిడీస్ కథను నిజమైన ఆచారంగా చదవకూడదని గట్టిగా వాదించాడు. హెన్రిక్స్ దారే సరైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ దారిలో కోస్కో, ఆల్క్‌మియోనిస్, క్లియా వంటి పేరున్న మనుషులు ఎదురవుతారు. పూనకం ఎలా వస్తుందన్న ప్రశ్న కంటే, అది దిగాక ఆ స్త్రీకి ఏం మిగులుతుందన్న ప్రశ్న విలువైనది.

తెలుగునేల మీద ఆ ప్రశ్నకు అతి చేదు జవాబు జోగినీ ఆచారం. దళిత కుటుంబాల ఆడపిల్లలను చిన్ననాడే దేవతకు ముడిపెట్టి, పెళ్ళిని దూరం చేసి, ఊరి మగవారికి అందుబాటులో ఉంచేవారు. జాతరలో అమ్మ పూనిన మనిషిగా ముందు నిలబెట్టేదీ వారినే. దేవదాసీగా అంకితం చెయ్యడాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 1988లో మరో చట్టం చేసి, అలా అంకితమైన స్త్రీ చేసుకున్న పెళ్ళి చెల్లుతుందని స్పష్టం చేసింది. చట్టానికి ముందూ తర్వాతా పల్లెల్లో తిరిగి పనిచేసిన వారిలో హేమలతా లవణం ముందుంటారు. పల్నాటి వినుకొండలో 1932లో పుట్టిన ఆమె కవి గుర్రం జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. 2008లో కన్నుమూసే దాకా సంస్కరణోద్యమాల్లోనే ఉన్నారు. నిజామాబాద్ జిల్లా పల్లెల్లో జోగినులను కలిసి మాట్లాడి, వారికి పెళ్ళిళ్ళు జరిపించి, బతుకుతెరువు చూపే పనిలో ఏళ్ళు గడిపారు. జోగినుల పునరావాసానికి వర్నిలో ‘చెల్లి నిలయం’ ఏర్పాటు చేశారు.